రెండు వాషర్లు, ఒక పిన్ను

"తెరుచుకోకూడదు బాబాయ్. చూడ్డానికి కొత్తదానిలా ఉండాలి, కానీ తెరుచుకోకూడదు."

సెలూన్ పెద్దాయన కూతురు బల్ల మీద గుడ్డ మూట విప్పింది. అందులో ఆయన మడతపెట్టే క్షవరం కత్తి ఉంది. కత్తి వేరుగా, కొమ్ముతో చేసిన పిడి వేరుగా. రెంటినీ కలిపే పిన్ను విరిగిపోయింది.

కత్తులకు పిడులు వేసే మేస్త్రి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఆమె వంక చూశాడు. పిడి పగిలిందని వచ్చినవాళ్లున్నారు, తుప్పు పట్టిందని వచ్చినవాళ్లున్నారు. తెరుచుకోకుండా చెయ్యమని వచ్చింది మాత్రం ఈవిడొక్కతే.

"తెరుచుకోని కత్తి ఎందుకమ్మా? కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోడానికా?"

"నవ్వే ఓపిక లేదు బాబాయ్. నాన్నకి చెయ్యి వణుకుతోంది. మొన్న ఒకాయనకి చెవి కింద తెగింది. పాతవాడు గనక తుడుచుకుని వెళ్లిపోయాడు. రేపు మెడ మీద తెగితే? మానెయ్యి నాన్నా అంటే ఇంతెత్తున లేస్తాడు."

"పోనీ, కత్తి దాచెయ్యి."

"అదీ అయింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను." ఆమె బల్ల మీదికి వంగింది. "మీరు గట్టిగా బిగించేసి, తుప్పు లోపలికి దిగింది, ఇక ఇంతే అని చెప్పండి. మీ మాటంటే ఆయనకి గురి. నేను అడిగానని మాత్రం అనకండి."

మేస్త్రి కత్తినీ పిడినీ తన వైపు లాక్కున్నాడు. ఆమె గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మేస్త్రి వాషర్ల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. ఇనుప వాషర్లు రెండు, కాస్త లావుపాటి ఇనుప పిన్ను ఒకటి ఏరి పక్కన పెట్టాడు. వాటితో నాలుగు దెబ్బలు ఎక్కువ వేస్తే చాలు, ఏనుగు లాగినా కత్తి కదలదు. పని కూడా పది నిమిషాల్లో తేలిపోతుంది. పిన్ను రంధ్రంలో పెట్టి సుత్తి ఎత్తాడు.

దెబ్బ వెయ్యబుద్ధి కాలేదు. తన చేతులు మాత్రం నిలకడగా ఉన్నాయా ఏమిటి? 'ఇవాళ ఆయన కత్తి. రేపు నా కూతురు నా సుత్తి పట్టుకుని ఇలాగే ఎవరి గుమ్మమో ఎక్కుతుంది' అనుకున్నాడు. కోపం వచ్చింది. బతికుండగానే మనిషి చేతులు కట్టేస్తారా?

ఇనుప సామాను డబ్బాలోకి విసిరేశాడు. ఇత్తడివి తీశాడు. పిడి బయట కనబడడానికి గుండ్రంగా ఉబ్బిన వాషర్లు రెండు. కత్తి ఒరుసుకోకుండా లోపలి వైపు కాగితమంత పల్చనివి మరో రెండు. రంధ్రంలో సరిగ్గా పట్టే సన్నటి ఇత్తడి పిన్ను. వాషరు దాటి నువ్వుగింజంత మిగిలేలా దాన్ని కోసి, దాకలి దిమ్మ మీద పెట్టి, చుట్టూ తిప్పుతూ మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. ఒక దెబ్బ ఎక్కువైతే కొమ్ము పగులుతుంది. ఒక దెబ్బ తక్కువైతే కత్తి లొడలొడలాడి, మూసినప్పుడు అంచు పిడికి తగులుతుంది. రెండు పిన్నులు వంకరపోయాయి. ఒకటి జారి ఎక్కడో పడింది. బల్ల కింద మోకాళ్ల మీద పాకుతూ దాన్ని వెతుక్కునేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

సాయంత్రానికి కత్తి పిడిలో నడిమధ్యన కూర్చుంది. బొటనవేలు తగిలితే చాలు, వెన్నలా జారి తెరుచుకుంటోంది. ఇన్నేళ్లలో ఇంత బాగా కుదిరిన పని లేదు. నడుం పట్టేసినా ఆయనకు తృప్తిగానే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే పెద్దాయనే స్వయంగా వచ్చాడు. గుమ్మంలో కాసేపు ఆయాసం తీర్చుకుని లోపలికి అడుగుపెట్టాడు.

"ఏమంటావు తమ్ముడూ? ఇక పనికిరాదంటావా?"

"కూర్చో అన్నయ్యా. నువ్వే తెరిచి చూడు."

పెద్దాయన కత్తిని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. తర్వాత బొటనవేలు ఆనించాడు. చప్పుడు లేకుండా తెరుచుకుంది. అటూ ఇటూ కదిపి చూశాడు. ఎక్కడా లొసుగు లేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం పని చేశావయ్యా! ఇంత పనివాడివని అనుకోలేదు."

మేస్త్రికి ఛాతీ పొంగింది. ఇక ఆగలేకపోయాడు.

"నీ దగ్గర దాపరికమెందుకు? దీన్ని తెరుచుకోకుండా బిగించమని మీ అమ్మాయి అడిగింది. నేనే వినలేదు. దాన్నేమీ అనకు, పాపం భయపడింది."

"అలా అడిగిందా అది?"

"అడిగింది. మనిషికి పని చెయ్యాలని ఉన్నన్నాళ్లూ ఆపడానికి మనమెవరం అన్నయ్యా?"

పెద్దాయన కత్తి మూయబోయాడు. చెయ్యి నిలవక అంచు వెళ్లి పిడికి తగిలింది. రెండోసారి వేలు తెగబోయింది. మేస్త్రే చెయ్యి చాచి, కత్తి తీసుకుని మూసి, తిరిగి ఆయన ఒళ్లో పెట్టాడు.

"దాని మాట వినాల్సింది తమ్ముడూ" అన్నాడు పెద్దాయన.

"అదేమిటి?"

"ఆడలేక మద్దెల ఓడు అంటారే... నాకు చాతకాక కాదు, కత్తి పోయింది అని చెప్పుకోడానికే, ఆ పిన్ను నేనే విరగ్గొట్టాను."