జగ్గమ్మ గ్లాసు

"ఆ గ్లాసు ఇచ్చి ఎల్లు, జగ్గమ్మా!" రాధిక గుమ్మానికి అడ్డుగా నిలబడింది.

వేసవి సెలవులు అయిపోయాయి. రెండు నెలలు రాధిక కూతురిని చూసుకున్న జగ్గమ్మ, సంచి సర్దుకుని చీపురుపల్లి బస్సుకి బయల్దేరింది. లోపల ఐదేళ్ల భరణి పాలు తాగనని గోల పెడుతోంది.

"ఇంట్లో ఎండి గ్లాసులున్నాయి గదమ్మా?"

"నీ గ్లాసులో అయితేనే తాగుతాదంట. ఎప్పట్నుంచి పోస్తన్నావే అందులో?"

"మొదటి రోజు నుంచీ. 'నీ గ్లాసు నువ్వే తెచ్చుకో, పెరట్లో కుళాయి కాడే ఉంచు' అన్నారు సూడండి, ఆ పూట నుంచే."

రాధిక ముఖం మాడిపోయింది. లోపల ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది.

"తప్పయిపోనాది. ఇచ్చెయ్యి."

జగ్గమ్మ సంచి మూతి ముడివేసింది.

"నా గ్లాసు మీ గిన్నెల్లో కలపొద్దన్నది మీరే కదమ్మా."