చప్పుడు లేని పెట్టె

రామ్మోహనరావు సోఫాలో కుప్పకూలిన రోజు, టీవీ కింద ఉన్న కంప్యూటరు ఫ్యాను హోరుమంటూనే ఉంది.

వంటింట్లో ఉన్న వాసంతికి ఆ హోరు తప్ప మరేమీ వినిపించలేదు.

కాఫీ పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి భర్త ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. పిలిస్తే కళ్ళు మాత్రం కదిలాయి.

అంబులెన్సు వచ్చింది గానీ, నల్లగండ్లలోని ఆ అపార్టుమెంట్లలో ఏ బ్లాకో తెలియక గేటు దగ్గరే తిరుగుతోంది. వాసంతే కిందికి పరుగెత్తింది. మనుషుల్ని వెంటబెట్టుకుని పైకి వచ్చేసరికి అంతా అయిపోయింది.

అప్పటినుంచి ఆమెకు చప్పుడంటే భయం. దాని చాటున ఏదో జరిగిపోతుందని భయం.

ఇప్పుడు ఆ హాల్లోనే అత్తగారు అనసూయమ్మ మంచం. ఆవిడకి ఆయాసం. వాసంతి వంట చేస్తూ కూడా ఒక చెవి ఆ ఊపిరి మీదే ఉంచుతుంది. మిక్సీ వేస్తే మధ్యలో ఆపి, ఊపిరి వినిపించాకే మళ్ళీ వేస్తుంది.

పెద్దావిడకు మాత్రం ఒకటే కోరిక. కొడుకున్న వీడియోలు టీవీలో చూడాలి.

"ఆ పాత కంప్యూటరు పెట్టవే వాసంతీ. ఒక్కసారి వాణ్ణి చూస్తాను."

"దాని హోరులో మీరు పిలిచినా నాకు వినపడదు అత్తయ్యా."

"అయితే అరవనిది కొనుక్కురా. మాటలు వినిపించకపోయినా సరే, బొమ్మ చాలు నాకు."

అందుకే ఆ సాయంత్రం కొండాపూర్‌లోని కంప్యూటర్ల షాపుకి వెళ్ళింది.

టిఫిను డబ్బా అంతేసి కంప్యూటరు పెట్టెలు వరసగా ఉన్నాయి. వాసంతి ఒక్కొక్కదానికీ చెవి ఆనించి వింది.

"ఏం మేడం, గుండె కొట్టుకుంటున్నదా?" సేల్స్‌మన్ నవ్వాడు. "దీంట్ల ఫ్యానే లేదు. టీవీ ఎనక బిగిస్తే అసలు ఉన్నట్టే తెల్వదు."

"చాలాసేపు నడిచినా?"

"వేడెక్కుతది గానీ మోగదు."

"పక్క గదిలోకి మనిషి ఊపిరి వినిపిస్తుందా?"

సేల్స్‌మన్ నవ్వు ఆగిపోయింది.

షాపులో స్పీకర్లు దద్దరిల్లుతున్నాయి. ఆమె మళ్ళీ చెవి ఆనించింది. ఏమీ తేల్చుకోలేకపోయింది.

"అన్నా, జర ఆ పాట బంద్ చెయ్యి. అమ్మ ఇననీకె చూస్తున్నది."

వెనకనుంచి ఎవరో అన్నారు. నడివయసు మనిషి. గడ్డం మీద కుట్ల మచ్చ, వేలికి కారు తాళం.

పాట ఆగింది. పెట్టెలోంచి నిజంగానే ఏ చప్పుడూ లేదు. వాసంతి అక్కడికక్కడే బిల్లు వేయించుకుంది.

ఆ మనిషి మాత్రం కదల్లేదు. ఆమెనే చూస్తున్నాడు.

"నల్లగండ్ల కదమ్మా మీది? పెద్దమ్మ మంచిగున్నదా?"

వాసంతి చేతిలోని పెట్టెతో ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎవరు మీరు?"

"మీకొక మాట చెప్పాలె. ఈడ గాదు. జర బయటికి వస్తరా?"

ఇతనికి ఇల్లు తెలుసు. ఇంట్లో ముసలావిడ ఉందని కూడా తెలుసు. ఆవిడ ఇప్పుడు ఒంటరిగా ఉంది.

"సెక్యూరిటీ!"

అందరూ తిరిగి చూశారు. గార్డు వచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

"ఏందివయా, ఆడోళ్ళ ఎంట పడుతున్నవ్? నడువ్ బయటికి."

అతను విదిలించుకోలేదు. ఆమె ముఖంలోని భయాన్ని చూసి తల దించుకున్నాడు.

"పరేషాన్ గాకమ్మా. పోతున్న."

ఆటోలో దారిపొడుగునా వాసంతి వెనక్కి చూస్తూనే ఉంది. ఇంట్లోకి రాగానే గడియ పెట్టింది. అత్తగారి ఊపిరి విన్నాకే జరిగింది చెప్పింది.

"ఎవరొచ్చినా తలుపు తియ్యకండి అత్తయ్యా."

"మనిషెలా ఉన్నాడే?"

"గడ్డం మీద కుట్ల మచ్చ. చేతిలో కారు తాళం."

అనసూయమ్మ లేచి కూర్చుంది.

"అయ్యో, అతను ఎదురు ఫ్లాటువాళ్ళ డ్రైవరే. అప్పుడే కొత్తగా చేరాడు. ఆ రోజు నువ్వు గేటు దగ్గరికి పరుగెత్తావు. నేను కేకలేస్తే అతనే వచ్చాడు. నా కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఆ రోజు మాటెత్తితేనే వణికిపోతావు. ఏమని చెప్పను? నలుగురూ వచ్చాక కూడా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నువ్వు తేరుకోలేదు. చావింట్లో వెళ్ళొస్తానని అనకూడదుగా, చెప్పకుండానే వెళ్ళిపోయాడు. నేను పేరైనా అడగలేదు. ఎదురింటివాళ్ళు కూడా ఆ వారంలోనే ఖాళీ చేసి ఎటో పోయారు."

"ఎందుకు నిలబడ్డాడు అత్తయ్యా?"

అనసూయమ్మ కొంగుతో కళ్ళు అద్దుకుంది.

"పోయేముందు ఒక్క క్షణం మాట వచ్చి, వాడు అతని చెవిలో ఏదో చెప్పాడే. ఏమిటని నేనడిగితే, 'ఇంటామెకే చెప్పమన్నడు పెద్దమ్మా' అన్నాడు."

మర్నాడు షాపులో అడిగితే అతనెవరో ఎవరికీ తెలియదన్నారు. టీవీ వెనక కొత్త పెట్టె బిగించారు. తెరమీద రామ్మోహనరావు పెదవులు కదులుతుంటే, పెద్దావిడ ఊపిరి వంటింట్లోకి కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

భర్త తనకోసం చెప్పి పోయిన ఆఖరి మాట వాసంతి ఇంకా వినలేదు.