స్విచ్ తీసిన రోటర్

ఆబిడ్స్‌లో దుకాణాలు మూసే వేళకి, నాంపల్లి గోదాములో శశికళ హెలికాప్టర్ రోటర్ పరీక్ష ఆపింది. ఆ రోటర్‌లో ప్రతి రెక్క వెనక అంచునా ఒక చిన్న పలక ఉంది. రెక్క తిరుగుతుండగా కంప్యూటర్ ఆ పలకను ఎత్తి దించుతుంటే, మోటారుకు తక్కువ శక్తి సరిపోతుంది. ఇప్పుడొక పలక వైరు ఊడింది. టెక్నీషియన్ సురేందర్ అలవాటు ప్రకారం మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని, రోటర్ చుట్టూ ఉన్న ఇనుపజాలీ లోపలికి వెళ్లాడు.

కాసేపటికి టక్కుమని చప్పుడైంది.

“మేడం, పలక ఆడించకున్రి. ఇంట్ల వంట నాదే. వేళ్లు తెగితే మా బిడ్డ రాణి పస్తుంటది.”

“నేను ముట్టలే సురేందర్. కంప్యూటర్ బంద్ ఉంది.”

“మరి గిదేంది?”

రెక్కలు మెల్లగా కదిలాయి. మీటరులో శక్తి సున్నా. వేగం పెరుగుతున్నా గాలి చప్పుడు లేదు. స్టేషన్లో రైలు ప్రకటన ఇక్కడికి స్పష్టంగా వినిపిస్తోంది.

“కింద పండుకో! జాలీ తలుపు దిక్కు పాకు!”

సురేందర్ నేలకు కరుచుకుని పాకసాగాడు. అప్పుడు జాలీ బయటి నుంచి శశికళ పలకలను గమనించింది. అవి తక్కిన చుట్టులో కదలకుండా ఉండి, అతని మీదుగా వెళ్లేటప్పుడు మాత్రమే లేస్తున్నాయి. లేచిన ప్రతిసారీ రెక్క కొస అతని వైపు ఇంకొంచెం వంగుతోంది.

“ఇంకెంత దూరముంది మేడం?” తల ఎత్తకుండా అడిగాడు సురేందర్.

అతణ్ని రమ్మనాలో, ఆగమనాలో ఆమెకు తెలియలేదు.