జాహ్నవి రాసిన అర్జీ

“ఇంకొక్క ఏడాది బిడ్డను బళ్లో ఉండనీండి సార్. టెన్తు పరీక్ష రాసుకుంటాది,” శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో మూటలు మోసే మునెయ్య చేతులు జోడించాడు.

“యాడప్పా! తొమ్మిది అయిపోయినా నీ బిడ్డకు రెండు వాక్యాలు కుదురుగా రాసేది రాదు. టెన్తులో మాకు అందరూ పాసు కావాల,” అన్నాడు హెడ్మాస్టరు యోగానంద. “నువ్వే మాన్పిస్తా ఉన్నట్టు అర్జీ ఇయ్యి. టీసీ ఇచ్చేస్తాం.”

“నాకు సంతకం తప్ప రాసేది రాదు సార్.”

“పాపతోనే రాయించినాంలే. సంతకం పెట్టు, చాలు.”

బల్ల మీదికి కాగితం వచ్చింది. పది వరుసలు. అక్షరాలన్నీ గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్క కొట్టివేత లేదు.

“ఇది నువ్వే రాసినావామ్మా?” కూతుర్ని అడిగాడు మునెయ్య.

పక్కనే నిలబడిన జాహ్నవి ముఖం వెలిగిపోయింది.

“నేనే నాయనా! తెలుగు సారు మూడు దినాలు నా పక్కనే కూసున్నాడు. తప్పు రాసినప్పుడల్లా నిదానంగా చెప్పి, మళ్లా రాయించినాడు. నిన్న ‘గుడ్’ అన్నాడు!”

మునెయ్య హెడ్మాస్టరు వైపు చూశాడు. “మూడు దినాలకే వచ్చేసిందే సార్, బిడ్డకు!”

యోగానంద పెన్ను మూత తీసి ముందుకు జరిపాడు.

మునెయ్య పెన్నును పిడికిట్లో పట్టి కాగితం మీద గట్టిగా అదిమాడు.

“చిన్నగా పెట్టు నాయనా,” అంది జాహ్నవి. “కాగితం పాడైపోతాది.”