సత్తమ్మ పిలిపించిన అపొస్తలుడు

"అపోస్టిల్ కావాల్నట" అన్నాడు చిరంజీవి, ఫిన్లాండ్ నుంచి ఫోన్‌లో.

పెద్దవంగరలో, స్పీకర్ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతున్న సత్తమ్మకు అది ‘అపొస్తలుడు కావాల్నట’ అని వినబడింది.

ఆమెకు ఆ దేశం పేరే సరిగ్గా వినబడలేదు. మనవరాలి మొగుడు చిరంజీవి నర్సుగా చేరిన చోటు ‘పిన్నిలాండు’ అనుకుంటోంది. మనం చిన్నమ్మ అంటాం, వాళ్లు పిన్ని అంటారేమోనని సర్దుకుంది.

మనవరాలు జ్యోత్స్న విడమర్చి చెప్పింది. అపోస్టిల్ అంటే పెండ్లి సర్టిఫికెట్‌కు మన సర్కారు వేసే ముద్ర. అది ఉంటేనే ఆ దేశం వీళ్లను ఆలుమగలని నమ్ముతుంది. నమ్మితేనే వీసా. నెలాఖరులోగా పంపకపోతే దరఖాస్తు చెల్లదు. ఇప్పటికే రెండేళ్లయిన ఎడబాటు మళ్లీ మొదటికొస్తుంది.

సత్తమ్మ అంతా విని, "ఏసయ్య పన్నెండు మంది శిష్యులల్ల ఎవలొచ్చినా నడుస్తదా?" అని అడిగింది.

జ్యోత్స్నకు నవ్వే ఓపిక లేదు.

ముద్ర పడాలంటే ముందు సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ రావాలంటే సాక్షి ఉండాలి. చర్చి రిజిస్టరులో సాక్షులుగా ఉన్న ఇద్దరిలో ఒకరు వచ్చి తీరాలన్నాడు మహబూబాబాద్ రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమస్తా బాల్‌సింగ్.

పెండ్లేమో కరోనా లాక్‌డౌన్‌లో అయింది. ముసలివాళ్లను రావద్దన్నారు గనుక సత్తమ్మ కూడా పోలేదు. ఫొటోల నిండా మాస్కులే. పెండ్లికూతురెవరో చీరను చూసి చెప్పుకోవాలి.

మొదటి సాక్షి జ్యోత్స్న తండ్రి చంద్రయ్య. నిరుడు పోయాడు.

రెండో సాక్షిది వేలిముద్ర. పక్కన రాసిన పేరు మట్టి మరక కింద అలికిపోయింది. ఎవరో చెప్పడానికి పెండ్లి చేసిన పాస్టరయ్య కూడా లేడు, ఆ కరోనాలోనే కన్నుమూశాడు.

ఇక మిగిలింది బ్రోకర్లు. అఫిడవిట్ అంటే ‘ఆపి, డబ్బిటు’ అని అర్థం చేసుకున్న పండితులు. సాక్షిని మేమే పుట్టిస్తామని ఇద్దరు ఇంటిదాకా వచ్చారు. జ్యోత్స్న తరిమేసింది.

సత్తమ్మ మాత్రం ఆదివారం ఆరాధనలో లేచి నిలబడింది. మా పిల్ల పెండ్లి కాయితానికి అపొస్తలుడొచ్చి ముద్ర వేయాలట, ఎరుకున్నోళ్లు జర చెప్పున్రి అంది.

ఆ వారమంతా చర్చిలో అదే చర్చ. చుట్టాల ఫోన్లెక్కి అటు జనగామ దాకా, ఇటు భూపాలపల్లి దాకా పోయింది.

గురువారం మధ్యాహ్నం ఒక ముసలాయన గేటు ముందు నిలబడ్డాడు. భుజాన మాసిన తువ్వాల, చేతిలో ఒక సంచి.

"అపొస్తలుడు కావాల్నన్నరట గద, బిడ్డా."

వెక్కిరింపు ఇంటిదాకా వచ్చిందనుకుంది జ్యోత్స్న.

"నీ పేరేంది, పెద్దాయినా?"

"పౌలు."

"పన్నెండు మందిల లేకున్నా పౌలు గూడ అపొస్తలుడేనే" అంది లోపలి నుంచి సత్తమ్మ, సంబరంగా.

"గా ముద్ర నేనే ఏస్త. ఆఫీసు ఏడున్నది?"

జ్యోత్స్నకు అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందనుకుంది. మూడో బ్రోకరు.

"మాకు దొంగ సాక్ష్యం వద్దు. నువ్వు పో."

ఆయన ఏదో చెప్పబోయాడు. గేటు గొళ్లెం పడింది.

సత్తమ్మ చాయ పట్టుకొచ్చేసరికి రోడ్డు మలుపులో ఆయన వీపు మాత్రం కనిపించింది.

సోమవారం జ్యోత్స్న చివరిసారి బతిమాలుకుందామని ఆఫీసుకు వెళ్లింది. బాల్‌సింగ్ ఏమీ వినకుండానే సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు.

"మీ సాక్షి వచ్చిండమ్మా. గురువారం ఆయన వచ్చేటాలకు ఆఫీసు బందైంది. బస్టాండ్ల పండుకొని, శుక్రవారం తలుపు తీయంగనే వచ్చి కూసున్నడు. వేలిముద్ర సరిపోయింది."

ఫైలులో ఆధార్ కాగితం ఉంది. ఫొటోలో గేటు ముందు నిలబడ్డ మొహం.

ఫోన్ నంబరు అడిగితే, ఆయనకు ఫోన్ లేదన్నాడు బాల్‌సింగ్.

మర్నాడు భూపాలపల్లి చిరునామాకు వెళితే తాళం ఉంది. కొడుకు వచ్చి తీసుకుపోయాడని, ఏ ఊరో తెలియదని పక్కింటివాళ్లు చెప్పారు.

అపోస్టిల్ కోసం కాగితం హైదరాబాద్ వెళ్లింది. ఆదివారం చర్చిలో ఈసారి జ్యోత్స్న లేచి నిలబడింది.

అపోస్టిల్ అంటే మనిషి కాదని, సర్కారు ముద్ర అని, తమ అవ్వకు తప్పు వినబడిందని అందరికీ చెప్పింది. అందరూ నవ్వారు. సత్తమ్మ కూడా నవ్వింది.

తర్వాత, ఆ ముసలాయన బాల్‌సింగ్‌తో చెప్పిపోయిన మాటను అందరికీ వినిపించింది. పెండ్లి రోజు రావాల్సిన రెండో సాక్షి కరోనా భయానికి రాలేదు. పాస్టరయ్య కిటికీలోంచి చర్చి వెనకున్న గోరీల దొడ్డికి కేకేశాడు. అక్కడ ఎవరి శవాన్నీ ఎవరూ ముట్టని రోజుల్లో, ఆ పనికి భూపాలపల్లి నుంచి వచ్చి ఒక్కడే గోరి తవ్వుతున్న మనిషి గడ్డపార పక్కన పెట్టి, మట్టి చేతులతోనే వచ్చి వేలు వేసిపోయాడు.

ఆ రోజు కూడా మాస్కు వెనక నుంచి, జర దూరం జరుగు అని ఆయనకు చెప్పింది తనేనని జ్యోత్స్నకు గుర్తొచ్చింది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.



"అపొస్తలుడంటే పంపబడినవాడని గా పాస్టరయ్యనే చెప్పిండు గద" అంది సత్తమ్మ నెమ్మదిగా. "నాకు సరిగ్గనే ఇనవడ్డది బిడ్డా, దేవుడు పంపినోన్ని మనమే తిప్పి పంపిచ్చినం, చాయ గూడ తాపియ్యక."