స్వరూప చెప్పిన జవాబు

ఆ రోజు పటాన్‌చెరు అనాథాశ్రమానికి ఒక అధికారి వచ్చాడు. తల్లో తండ్రో బతికి ఉన్న పిల్లల్ని ఇక ఇళ్లకే పంపుతామని, పెంచడానికి నెలనెలా సాయం చేస్తామని చెప్పాడు.

అది విని వంటమనిషి బాలమణి గరిటె చేతిలో ఉండగానే బయటికి పరుగెత్తుకొచ్చింది.

"సార్, స్వరూప నా బిడ్డ. కాజీపల్లి కంపెనీల నా పెనిమిటి కాలి సచ్చిండు. ఎవ్వరు లేనోళ్లనే ఈడ తీసుకుంటరంటే, అనాథ అని పక్కింటామెతోని చేర్పించిన. ఇడిసి ఉండలేక నేను గూడ ఈడనే వంటకు కుదిరిన."

అధికారి ఎనిమిదేళ్ల స్వరూపను పిలిపించాడు. "ఈమె ఎవరమ్మా?"

"వంటామె సార్."

"మరి మీ అమ్మ?"

"సచ్చిపోయింది."

బాలమణి పిల్ల ముందు కూలబడింది. "నిజం చెప్పు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత" అని ఏడ్చింది. స్వరూప తల అడ్డంగా ఊపింది.

"సాయం అనగానే ఇలాంటి వాళ్లు చాలామంది వస్తారు" అంటూ అధికారి జీపెక్కి వెళ్లిపోయాడు. వార్డెన్ బాలమణిని ఆ పూటే పనిలోంచి తీసేశాడు.

ఆమె వంటింట్లో బట్టలు మూట కట్టుకుంటుంటే స్వరూప వచ్చింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని తల్లి మెడను గట్టిగా వాటేసుకుంది.

"అమ్మా, ఎవ్వరడిగినా చెప్పొద్దన్నవు గద. నువ్వు ఏడ్చినా చెప్పలే. మంచిగ చెప్పిన గద?"