ఆఖరి గుక్క

ముసలి ఏనుగొకటి, తన తర్వాత మందను నడపాల్సిన పడుచు ఏనుగులకు పాఠాలు చెప్పేది. "నీళ్లు తక్కువైతే ముందు పిల్లలు, తర్వాత ముసలివాళ్లు. వరస పెట్టినవాళ్లు ఆఖర్న తాగాలి" అనేది. ఆ మాట బాగా ఒంటబట్టించుకున్నది రేగడి.

కరువొచ్చి చెరువు మడుగైంది. అప్పటికి మందను నడిపేది రేగడే. అడ్డంగా నిలబడి వరస పెట్టింది. చిన్నప్పట్నుంచీ తన తోక పట్టుకు తిరిగిన నేస్తం తంగేడు ముందుకు దూసుకొచ్చింది.

"ఏమే, నన్నే ఆపుతావా?"

ఆపింది. ఆ పూట మందలో దాహంతో కూలిపోయిన ప్రాణి లేదు.

అందరూ తాగాక, మిగిలిన బురద దగ్గర నిలబడి రేగడి పిలిచింది. "రావే తంగేడూ, కాసేపు నా పక్కనుండు."

తంగేడు తల దించుకుని పక్కకి తప్పుకుంది. "మీరు కానివ్వండి" అంది.

బురదనీళ్లు గొంతు దిగాయి. ఆ "మీరు" మాత్రం దిగలేదు.